విజన్ థెరపీ: మూడేళ్ళ తర్వాత మా అనుభవం

విజన్ థెరపీ అంటే రెండు కళ్ళూ సరిగ్గా కలిసి పనిచేయడానికి చేయించే వ్యాయామాలు. మావాడికి తొమ్మిదేళ్ళప్పుడు మొదలుపెట్టాం, ఇప్పుడు పన్నెండు నిండాయి. మొదటి రెండు నెలల సంబరంలో రాసుంటే ఐదుకి ఐదు స్టార్లు ఇచ్చేసేవాణ్ణి.

పుస్తకం పట్టుకుంటే పది నిమిషాలకే తలనొప్పి, అక్షరాలు రెండేసి కనిపించేవి. దానికి తోడు ‘పలక’ని ‘పకల’ అనడం, ఒత్తులు మింగేయడం. అన్నీ ఒకటే సమస్య అనుకున్నాం. క్లినిక్‌లోనూ కళ్ళు కుదిరితే చదువు అదే వస్తుందన్నారు. 24 సిట్టింగుల ప్యాకేజీ, డబ్బు ముందే కట్టించుకున్నారు.

ఇంట్లో రోజూ పావుగంట ప్రాక్టీసు. బ్రాక్ స్ట్రింగ్ అని మూడు రంగుల పూసలున్న తాడు. ఒక కొస కిటికీ ఊచకి కట్టి, రెండోది ముక్కుకి ఆనించి పట్టుకోవాలి. ఏ పూసని చూస్తే ఆ పూస దగ్గర తాడు రెండై ఇంటూ మార్కులా కనిపించాలి. దగ్గరి పూస మావాడికి రెండు పూసలయ్యేది. విసుగు, అలక, నాకూ వాడికీ రోజూ యుద్ధమే. ఏడో వారంలో ఒకరోజు ‘నాన్నా, ఒకటే పూస!’ అని అరిచాడు. తలనొప్పి నిజంగానే పోయింది.

దగ్గరి వస్తువు మీద రెండు కళ్ళూ సరిగ్గా కలవకపోవడాన్ని కన్వర్జెన్స్ ఇన్‌సఫిషియెన్సీ అంటారు. దీనికి థెరపీ పనిచేస్తుందనడానికి ఆధారం ఉంది. 2008లో అమెరికాలో 221 మంది పిల్లలతో చేసిన ట్రయల్‌లో, 12 వారాలు క్లినిక్‌లో థెరపీ తీసుకున్నవాళ్ళలో 73 శాతం మందికి మెరుగైంది. ఉత్తుత్తి థెరపీ ఇచ్చినవాళ్ళలో అది 35 శాతమే.

చదువు మాత్రం ఎక్కడిదక్కడే. సిట్టింగులన్నీ అయ్యాక వాచకం ముందుపెడితే వాడన్న మాట ఇదీ: ‘అక్షరాలు బాగానే కనబడుతున్నాయి నాన్నా, కలిపితే ఏమవుతుందో తెలియట్లేదు.’

అప్పుడు మొదలుపెట్టాను చదవడం. ఇదే కంటి సమస్య ఉన్న 311 మంది పిల్లలతో చేసిన ఇంకో ట్రయల్ ఫలితాలు 2019లో వచ్చాయి. చదివింది అర్థం చేసుకోవడంలో అసలు థెరపీకీ ఉత్తుత్తి థెరపీకీ తేడా తేలలేదు. డిస్లెక్సియాకి, అంటే అక్షరాల్ని శబ్దాలతో కలిపి చదవడంలో వచ్చే ఇబ్బందికి, కంటి వ్యాయామాలు, రంగు అద్దాలు పనిచేస్తాయనడానికి శాస్త్రీయ ఆధారం లేదని అమెరికాలో పిల్లల డాక్టర్ల, కంటి డాక్టర్ల సంఘాలు 2009లోనే ఉమ్మడిగా చెప్పాయి. ఇదంతా డబ్బు కట్టకముందు చదవాల్సింది, నా తెలివి అలా తెల్లారింది.

మేం డిస్లెక్సియాని నయం చేయం, చదవడానికి కళ్ళ వల్ల వచ్చే అడ్డు తీసేస్తాం అనే ఆప్టోమెట్రిస్టులూ (కళ్ళు పరీక్షించి అద్దాలు, ఇలాంటి థెరపీ ఇచ్చేవాళ్ళు) ఉన్నారు. ఆ మాట నాకు సబబుగానే తోస్తుంది. మాకు ప్యాకేజీ అమ్మినవాళ్ళు ఆ ముక్క చెప్పలేదు, అదే నా కోపం.

చదువు వచ్చింది స్పెషల్ ఎడ్యుకేటర్ దగ్గర. ‘పలక’ని చప్పట్లు కొడుతూ ప, ల, క అని విడగొట్టించి, ఇసుకలో వేలితో రాయించి, ఒక్కో ఒత్తుకీ వారాలు పట్టినా ఆవిడ విసుక్కోలేదు. ఏడాదిన్నర పట్టింది.

పిల్లాడికి రెండేసి కనిపించడం, తలనొప్పి ఉంటే మంచి కంటి డాక్టరుకి చూపించి, అవసరమన్నాక థెరపీకి వెళ్ళండి. అందుకు నాలుగు స్టార్లు. చదవడం రావట్లేదని వెళ్తే ఒక్కటి కూడా ఇవ్వను.

మావాడు ఇప్పటికీ నిదానంగానే చదువుతాడు. సీబీఎస్‌ఈ పదో తరగతిలో డిస్లెక్సియా ఉందని సర్టిఫికెట్ ఉన్న పిల్లలకి మూడు గంటల పరీక్షకి గంట అదనంగా ఇస్తారు. ఆ సర్టిఫికెట్ కోసం తిరుగుతున్నాం.