కొమూట్ యాప్ సమీక్ష: గోస్తనీ లోయలో గ్రావెల్ దారి గీయడానికి ఎంతవరకు పనికొస్తుంది?

భీమిలి దగ్గర సముద్రంలో కలిసే గోస్తనీ అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా పారి, తాటిపూడి జలాశయం మీదుగా మైదానానికి దిగుతుంది. ఈ నదిని పట్టుకుని కింది నుంచి పైదాకా గ్రావెల్ సైకిల్ (మట్టి, కంకర దారులకు సరిపడే వెడల్పు టైర్ల సైకిల్) మీద వెళ్లాలంటే కాలువ గట్లు, ఊళ్ల మధ్య మట్టి రోడ్లు, శృంగవరపుకోట–అరకు ఘాట్ రోడ్డు, పైన కాఫీ తోటల దారులు అన్నీ కలుపుకోవాలి. ఆ పనికి, ఫోన్‌లో రూట్ గీసి దాని వెంట నడిపించే కొమూట్ చాలా మంచి యాప్. అయితే అది గీసిన గీత చిత్తుప్రతి మాత్రమే. ఇంకో గంట కూర్చుని దాన్ని సరిచూసుకున్నాకే సైకిల్ బయటికి తీయాలి.

ఎందుకంటే ఈ యాప్‌కు రోడ్లన్నీ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి, అంటే ఎవరైనా వివరాలు చేర్చగల ఉచిత మ్యాప్ నుంచి వస్తాయి. అందులో ఎవరో ఒకరు నింపిన వివరమే ఇక్కడ కనిపిస్తుంది. యూరప్‌లో చాలా అడవి బాటలకు ఉపరితలం ఏమిటో రాసి పెట్టారు. అనంతగిరి మండలంలో చాలా బాటలకు గీత ఉంటుంది గానీ వివరం ఉండదు. రూట్ గీశాక కింద ఉపరితలాల పట్టీ వస్తుంది కదా, అందులో తారు ఎంత, మట్టి ఎంత అన్నదాని కంటే ముందు 'తెలియదు' అన్న భాగాన్ని నొక్కి చూడాలి. ఆ ముక్కలు మ్యాప్ మీద వెలుగుతాయి. ఒక్కొక్కదాన్నీ ఉపగ్రహ చిత్రంలో పెద్దది చేసి చూడండి. ముదురు బూడిద రంగయితే తారు, తెల్లగా మెరిస్తే సిమెంటు, ఎర్రగా ఉంటే మట్టి. చెట్ల కింద మాయమై అవతల తేలకపోతే అది కాలిబాట అయి ఉండే అవకాశమే ఎక్కువ. గ్రామ సడక్ పథకం కింద తారు పడిన రోడ్లు కొన్ని మ్యాప్‌లో ఇంకా మట్టి దారులుగానే ఉంటాయి. సైకిల్ రకాన్ని 'గ్రావెల్' అని పెడితే యాప్ అలాంటి వాటిని ఏరి మరీ ఇస్తుంది.

ఉపరితలం 'గ్రావెల్' అని స్పష్టంగా చూపించినా నిశ్చింతగా ఉండకూడదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నిర్వచనంలో అది పదునైన అంచులున్న పగలగొట్టిన రాయి, అంటే రైలు పట్టాల కింద పోసే కంకర లాంటిది. మన దగ్గర గట్టిపడిన ఎర్ర గ్రావెల్ రోడ్డుకూ అదే పేరు పెడతారు, తారు వేయడానికి ముందు దశలో ఆగిపోయిన మెటల్ రోడ్డుకూ అదే పేరు పెడతారు. మొదటిది 38 మిల్లీమీటర్ల టైరుతో హాయిగా సాగుతుంది. రెండోది రెండు వానాకాలాలు చూశాక పైనున్న మట్టి కొట్టుకుపోయి, గుప్పెడంత రాళ్లు వదులుగా తేలి ఉంటుంది. దాని మీద గాలి తక్కువున్న టైరు రాయికీ రిమ్ముకూ మధ్య నలిగి ట్యూబుకు పక్కపక్కనే రెండు చీలికలు పడతాయి. మెటల్ రోడ్డు తప్పదనిపిస్తే 45 మిల్లీమీటర్ల ట్యూబ్‌లెస్ టైరు, ఒక్కోదానిలో 70–80 మిల్లీలీటర్ల సీలెంట్ (చిన్న రంధ్రాలను లోపలి నుంచే మూసే ద్రవం) ఉండాలి. 70 కిలోల మనిషికి ముందు 30, వెనుక 34 పీఎస్ఐ గాలి ఒత్తిడితో మొదలుపెట్టి, సామాన్లుంటే వెనుక ఇంకో మూడు పెంచుకోవాలి. ఈ తేడాను ఏ యాప్ పట్టీ చూపించదు.

ఎత్తుల గ్రాఫ్ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ఇలాంటి యాప్‌లకు మన ప్రాంతంలో దొరికే ఉచిత ఎత్తుల డేటాలో ఎక్కువ భాగానికి ఆధారం 2000లో అమెరికా స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో తీసిన కొలతలు. ఒక్కో గడి 30 మీటర్లు, ఆ గడి మొత్తానికీ ఒకే ఎత్తు. 40 డిగ్రీల వాలున్న కొండను తొలిచి వేసిన రోడ్డు మీద, గీత పది మీటర్లు పక్కకు జరిగితే చాలు, ఎత్తు ఎనిమిది మీటర్లు మారిపోతుంది. దట్టమైన అడవిలో రాడార్ నేలకు బదులు చెట్ల కొమ్మల ఎత్తునూ కొంత కలుపుకుంటుంది. అందుకే గాలికొండ వైపు ఘాట్‌లో రంపపు పళ్లలా ఎగుడుదిగుళ్లు కనిపించి, మొత్తం ఎక్కుడు అసలు కంటే ఎక్కువగా తేలుతుంది. బస్సులు, లారీలు తిరిగే ఘాట్ రోడ్లను 5–6 శాతం వాలుతో, తప్పని చోట 7–8 శాతంతో వేయాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాలు చెబుతాయి. మెయిన్ రోడ్డు మీద 18 శాతం అని వస్తే పట్టించుకోకండి. ఊళ్లలోకి చీలే దారుల్లో మాత్రం అది నిజమే కావచ్చు. మట్టి దారి మధ్యలో ఒక్క ముక్కకే సిమెంటు వేసి ఉందంటే, జీపులు ఎక్కలేనంత నిటారుగా ఉండబట్టే సాధారణంగా అలా వేస్తారు. గేరు చక్రాలకు ముందు 40 పళ్లు, వెనుక 42 పళ్ల వరకు ఉంటే ఆ ముక్కలు కూర్చునే ఎక్కొచ్చు. వెనుక 34తో ఆగిపోయే సైకిలైతే దిగి నెట్టాల్సిందే.

వానాకాలంలో గెడ్డలు, అంటే కొండవాగులు, ఇంకో లెక్క. రూట్ గీత నీలి గీతను దాటే ప్రతి చోటా మ్యాప్‌ను పూర్తిగా దగ్గరకు తెచ్చి, వంతెన గుర్తుందో లేదో చూడండి. గుర్తు లేకపోతే అక్కడ కాజ్‌వే (నీళ్లు పైనుంచి పారేలా కట్టిన దారి) అయినా ఉండాలి, నీళ్లలో దిగడమైనా తప్పదు. కొండ మీద వాన పడితే గెడ్డ చూస్తుండగానే పెరుగుతుంది, కాబట్టి తిరిగి రావడానికి రెండో దారిని అప్పుడే గీసి దాచుకోవాలి. బొర్రా దగ్గర కటికి జలపాతం వైపు వెళ్లే జీపు దారి లాంటివి ఎండల్లో రాళ్ల దారులు, వానల్లో ఎర్ర బురద. ఆ బురద ఫోర్కుకూ టైరుకూ మధ్య పేరుకుని చక్రాన్ని పట్టేస్తుంది. అక్కడ కనీసం ఆరు మిల్లీమీటర్ల సందు లేని సైకిల్‌ను తీసుకెళ్లకండి.

రిజర్వు ఫారెస్టు లోపలి బాటలకు అనుమతి కావాలా వద్దా అన్నది యాప్ చెప్పదు. చెక్‌పోస్టులో అడిగాకే లోపలికి వెళ్లాలి.

దారి చూపడంలో వంక పెట్టడానికి పెద్దగా లేదు. మలుపు ముందే హెచ్చరిస్తుంది, దారి తప్పితే వెంటనే గుర్తిస్తుంది. తెలుగులో చెప్పకపోవడం ఒక్కటే లోటు. కొండల్లో సిగ్నల్ పోతుంది కాబట్టి ఆ ప్రాంతం ఆఫ్‌లైన్ మ్యాప్‌ను ఇంటి దగ్గరే దింపుకోవాలి. తర్వాత ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, రూట్ తెరుచుకుంటోందో లేదో పరీక్షించాలి. రూట్ గీతను దాచే జీపీఎక్స్ ఫైలును సైకిల్ కంప్యూటర్‌లోకీ, తోటి రైడర్ ఫోన్‌లోకీ వేసి పెట్టండి. స్క్రీన్ ఆర్పేసి గొంతు సూచనలతో నడిపిస్తే బ్యాటరీ చాలా మిగులుతుంది. ప్రయాణ సమయం మాత్రం ఆశాజనకంగా వేస్తుంది. ఫిట్‌నెస్ స్థాయిని ఒక మెట్టు తగ్గిస్తే నిజానికి దగ్గరగా వస్తుంది.

2025 మార్చిలో ఇటలీ కంపెనీ బెండింగ్ స్పూన్స్ కొమూట్‌ను కొన్నాక యాప్‌లో ఏది ఉచితం, ఏది డబ్బు కట్టాలి అన్నవి మారాయి. పాత వీడియోలు చూసి నిర్ణయించుకోకుండా, ఆఫ్‌లైన్ మ్యాప్‌లు, సైకిల్ కంప్యూటర్‌కు పంపడం మీ ఖాతాలో ఉన్నాయో లేదో ముందు చూసుకోండి. ఏడాదికి ఒకసారి అరకు వెళ్లేవారికి డబ్బు కట్టాల్సిన అవసరం కనిపించదు. ప్రతి ఆదివారం కొత్త మట్టి దారి వెతికేవారికి గిట్టుబాటవుతుంది.

వెళ్లొచ్చాక మరో పని ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో స్ట్రీట్‌కంప్లీట్ అనే ఉచిత యాప్ వేసుకుంటే, తిరిగిన రోడ్డు తారా, మట్టా, రాయా అని అదే అడుగుతుంది. మీ జవాబు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో చేరి, మ్యాప్ డేటా తాజా అయినప్పుడు కొమూట్‌లోనూ కనిపిస్తుంది. అనంతగిరి దారులకు ఆ జవాబులు చాలా అవసరం.