తక్కువ లైట్ అక్వేరియం మొక్కలు: ఏళ్ల తరబడి పెంచాక ఏవి మిగిలాయి, ఏవి విసిగించాయి

ముందే చెప్పేస్తా, చిన్న ట్యాంక్‌లో తక్కువ లైట్‌తో మొక్కలు బాగానే బతుకుతాయి, కాకపోతే ఏ మొక్క తెచ్చారు అన్నదాని మీదే అంతా ఉంటుంది. నాది 40 లీటర్ల ట్యాంక్, దాంతో పాటు వచ్చిన మామూలు ఎల్ఈడీ, మొక్కల కోసం విడిగా నీళ్లలోకి వదిలే సీఓటూ (కార్బన్ డయాక్సైడ్ గ్యాస్) లేదు, అడుగున ఉత్త ఇసుక, ఒక స్పాంజ్ ఫిల్టర్. కొన్నేళ్లుగా ఇదే సెటప్, ఏమీ మార్చలేదు.

అన్నిట్లోకీ నాకు బాగా నచ్చింది అనుబియాస్ నానా. దీన్ని చిన్న కుండీలో పెట్టి అమ్ముతారు కాబట్టి ఇసుకలో పాతేయాలేమో అనిపిస్తుంది, అస్సలు పాతొద్దు. ఆకులు, వేర్లు పుట్టే లావుపాటి కాడ ఒకటి ఉంటుంది, రైజోమ్ అంటారు, చూడ్డానికి అల్లం కొమ్ములా ఉంటుంది, అది ఇసుకలో పూడిపోయిందంటే మెత్తబడి కుళ్లిపోతుంది, పైన ఆకులు పచ్చగానే ఉంటాయి గానీ పట్టుకుంటే ఊడి చేతికొచ్చేస్తాయి. దారంతో చెక్కకి కట్టినా సరే, జెల్ సూపర్ గ్లూ చుక్క వేసి రాయికి అంటించినా సరే, కొన్నాళ్లకి వేర్లే పట్టేసుకుంటాయి. ఆ పట్టు ఎలాంటిదంటే, నేను చోటు మారుద్దామని లాగితే వేర్లతో పాటు చెక్క పొర కూడా లేచొచ్చింది. వెడల్పాకులు కదా, మా బెట్టా చేప రాత్రిళ్లు దాని మీదే వాలి పడుకుంటుంది.

దీనితో చిక్కల్లా నిదానం. కొత్త ఆకు రావడానికి వారాలు పడుతుంది, అందుకే పాత ఆకుల మీద ఆకుపచ్చ చుక్కల ఆల్గే (నాచు) పట్టేస్తుంది, వేలితో రుద్దితే పోదు, గోరు పెట్టి గీకాల్సిందే. మొక్కని లైట్‌కి సూటిగా కింద కాకుండా పక్కకి జరిపి, మరీ పాడైన ఆకుల్ని రైజోమ్ దగ్గరికి కత్తిరించేశా, చాలావరకు తగ్గింది. నెరైట్ నత్త ఆ చుక్కల్ని బాగా తింటుంది గానీ చెక్క నిండా తెల్లటి గుడ్లు అంటించిపోతుంది, మంచినీళ్లలో ఆ గుడ్లు పిల్లలవ్వవు, అలాగని ఊడిరావు కూడా. చూడ్డానికి చిరాగ్గా ఉంటుంది అంతే.

జావా ఫెర్న్‌ని కూడా ఇలాగే కట్టాలి, పాతకూడదు. ఆకు వెనకాల వరసగా గోధుమ రంగు చుక్కలు కనబడితే రోగమేమో అని కంగారుపడి ఆకులు తెంపేసేవాళ్లు చాలామంది, అవి దాని స్పోర్లు, అంటే విత్తనాల్లాంటివి, ఏమీ కాదు. ముసలి ఆకు చివర పిల్ల మొక్కలు వేర్లతో సహా మొలుస్తాయి, తుంచి ఇంకో రాయికి కట్టుకోవచ్చు, నా ట్యాంక్‌లో ఇప్పుడున్నవి చాలావరకు అలా వచ్చినవే. ఆకుల్లో చిన్న చిన్న చిల్లులు పడి పెద్దవవుతుంటే మాత్రం పొటాషియం తక్కువైందేమో చూడండి, నేను అన్నీ కలిసిన లిక్విడ్ ఫర్టిలైజర్ వారానికోసారి సగం డోస్ వేస్తున్నాక కొత్త ఆకులు శుభ్రంగా వస్తున్నాయి.

ఇంక క్రిప్టోకొరైన్ వెండ్టీ, శ్రీలంక మొక్క. దీన్ని మాత్రం ఇసుకలోనే నాటాలి, తిండంతా ఎక్కువగా వేర్ల నుంచే తీసుకుంటుంది కాబట్టి ఉత్త ఇసుకైతే మొదట్లో రూట్ ట్యాబ్ (వేర్ల దగ్గర పాతే ఎరువు బిళ్ల) పెట్టడం మంచిది. నాటిన కొద్ది రోజులకే ఆకులన్నీ కరిగి జిగురైపోతాయి, చచ్చిపోయిందనుకుని పీకి పారేస్తారు, పీకొద్దు. నర్సరీలో చాలావాటిని నీళ్లపైకి ఆకులు ఉండేలా పెంచుతారు, ఆ ఆకులు మునిగితే నిలవవు, పైగా దీనికి చోటు మారినా నీళ్లు మారినా అలిగే గుణం ఉంది. కరిగిన ఆకులు తీసేసి వదిలేస్తే వేరు నుంచి కొత్తవి వస్తాయి. ఇప్పుడు మా ట్యాంక్ ముందు భాగమంతా ఇదే ఆక్రమించేసింది.

జావా మాస్ అని సన్నటి పోగుల్లా గుబురుగా పెరిగేది ఒకటుంది, దాని గురించి అందరూ తెగ పొగుడుతారు, నాకైతే నచ్చలేదు. తక్కువ లైట్‌లో బతకడానికి బతుకుతుంది, చెత్తంతా అందులోనే ఇరుక్కుంటుంది, పీచు ఆల్గే ఒకసారి దూరిందా రెండిటినీ విడదీయడం ఎవరి తరం కాదు, తెగిన ముక్కలు వెళ్లి ఫిల్టర్‌కి చుట్టుకుంటాయి. రొయ్యలు పెంచేవాళ్లకి పిల్లలు దాక్కోడానికి పనికొస్తుంది, మిగతావాళ్లకి వద్దనే చెప్తా. వాలిస్నేరియా కూడా చిన్న ట్యాంక్‌కి దండగ, ఆకులు పైదాకా వెళ్లి అడ్డంగా పరుచుకుని కింద ఉన్నవాటికి ఆ కాస్త వెలుతురు కూడా లేకుండా చేస్తాయి.

లైట్ టైమర్ పెట్టి రోజుకి 6 నుంచి 7 గంటలు, అంతే. ఇంకా ఎక్కువసేపు వేస్తే స్పీడుగా పెరుగుతాయి అనుకోకండి, సీఓటూ లేని ట్యాంక్‌లో ఈ మొక్కలు వాడుకునేది కొంతే, మిగిలిన వెలుగంతా ఆల్గేకి పండగ. ఎండ పడే కిటికీ పక్కన ట్యాంక్ పెట్టినా అదే గోల.

ఇంకో విషయం ఎవరూ గట్టిగా చెప్పరు. మొక్కలున్నాయి కదా నీళ్లు అవే శుభ్రం చేసేస్తాయి అంటారు, అది గబగబా పెరిగే మొక్కల సంగతి, చేపల వ్యర్థాల వల్ల నీళ్లలో పేరుకునే నైట్రేట్‌ని అనుబియాస్ లాంటి నత్తనడక మొక్క ఎంతని పీలుస్తుంది? అందుకే నేను వారానికి పాతిక శాతం నీళ్లు మారుస్తూనే ఉంటా. నైట్రేట్ నిజంగా తగ్గాలంటే పైన తేలే మొక్క ఏదైనా వేసుకోవాలి, డక్‌వీడ్ మాత్రం పొరపాటున కూడా రానివ్వొద్దు, ఎంత తీసినా ఏ మూలో ఒక ఆకు మిగిలి మళ్లీ కమ్మేస్తుంది. సాల్వీనియా నయం, ఆకు కాస్త పెద్దది కాబట్టి ఎక్కువైనప్పుడు చేత్తోనే తీసేయొచ్చు, నీళ్లపైన సగానికి మించి పరుచుకోనివ్వకపోతే కింద వాటికి లైట్ కూడా సరిపోతుంది.