తోటపని గ్లౌజులు: ఏ పనికి ఏవి, ఏవి దండగ

శ్రీకాకుళం, విజయనగరం హార్డ్‌వేర్ కొట్లలో గ్లౌజులు అడిగితే ముందుగా చేతికొచ్చేవి అరచేతిలో రబ్బరు చుక్కలున్న తెల్ల నూలువి. చవక, గాలీ ఆడుతుంది. కొబ్బరికాయలు, ఇటుకలు మొయ్యడానికి బాగానే ఉంటాయి. తోటపనికి మాత్రం వద్దు. తడిమట్టి తగిలితే నీరు పీల్చి చేతికి అతుక్కుంటాయి. వయ్యారిభామ పీకితే రసం లోపలికి దిగి, గ్లౌజు వేసుకున్నా దురద తప్పదు.

ఒక్క జతే కొంటామంటే, అరచేతికి నైట్రైల్ (నూనెకు తట్టుకునే కృత్రిమ రబ్బరు) పూత, వెనక నైలాన్ అల్లిక ఉన్నది తీసుకోండి. మన ఉక్కపోతలో చెయ్యంతా రబ్బరు కప్పేస్తే కాసేపటికే వేళ్ళు నానిపోతాయి. వెనక అల్లిక ఉంటే చెమట ఆరుతుంది. ప్యాకెట్టు మీద 13 గేజ్, 15 గేజ్ అని రాసి ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ అల్లిక పలచన. నారు నాటడానికి, కుండీల పనికి 15; పార, గునపం పట్టే పనికి 13. పూత ఇసకలా గరుకుగా ఉంటే తడి పిడి జారదు. స్పాంజిలా ఉండే ఫోమ్ పూత పొడి పనికే. లేటెక్స్‌కి, అంటే సహజ రబ్బరుకి, పట్టు బాగుంటుంది గానీ నూనె తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది, పైగా కొందరి ఒంటికి పడదు.

అందుకే పలాస వైపు జీడితోటలున్నవాళ్ళు లేటెక్స్ జోలికి పోవద్దు. జీడిపిక్క పెంకు నూనెలో అనకార్డిక్ ఆమ్లం, కార్డోల్ ఉంటాయి. చర్మం బొబ్బలెక్కేది వీటివల్లే. పండు నుంచి పిక్క తెంపడం వరకైతే అరచేతి పూత చాలు. పిక్క చీల్చే పనికి మణికట్టు దాటే పూర్తి నైట్రైల్ గ్లౌజు కావాలి. అల్లిక ఉన్నదైతే వెనకనుంచి నూనె దిగుతుంది. మామిడి సొనకీ ఇదే లెక్క.

పురుగుమందు కొట్టేటప్పుడు లోపల గుడ్డ లేని మందపాటి నైట్రైల్ మాత్రమే వాడాలి. గుడ్డ, తోలు మందు పీల్చుకుని చర్మానికి ఆనిస్తూనే ఉంటాయి. ఆసుపత్రి గ్లౌజులు పలచన, ఇట్టే చిరుగుతాయి. ఎత్తు తక్కువ మొక్కలకి మందు కిందికి కొడుతుంటే గ్లౌజు అంచు చొక్కా చేతి లోపలికి ఉండాలి. మామిడికి పైకి కొడుతుంటే చొక్కా చేతిని గ్లౌజులోకి దోపి అంచు మడవాలి, లేకపోతే ధార మోచేతి దాకా కారుతుంది. పనయ్యాక గ్లౌజులు చేతికుండగానే సబ్బుతో కడిగి, తర్వాత విప్పండి.

ముళ్ళ సంగతి వేరు. ప్యాకెట్టు మీద ఈఎన్ 388 (గ్లౌజులకి యూరప్ ప్రమాణం) కింద 4131ఎక్స్ లాంటి వరస కనిపిస్తుంది: అరుగుదల, కోత, చిరుగు, పోటు తట్టుకునే స్థాయిలు, ఆ క్రమంలో. చివరి అక్షరం ఇంకో కోత పరీక్షది, ఎక్స్ అంటే అది చెయ్యలేదని. నాలుగో అంకె 4 ఉన్నా గులాబీ ముల్లు దిగదని అనుకోవద్దు. ఆ పరీక్షలో గుచ్చేది లావుపాటి మొన, సూది కాదు. గులాబీ, నిమ్మ, కాగితంపూల కొమ్మలు కత్తిరించాలంటే తోలువే కావాలి, అవీ మోచేతి వైపు పొడుగ్గా ఉన్నవి. తోటపని పేరుతో అమ్మే ఖరీదైనవి దొరక్కపోతే వెల్డింగ్ గ్లౌజులు అడగండి, చాలా హార్డ్‌వేర్ కొట్లలో ఉంటాయి. మొరటుగా ఉంటాయి, సన్నపని సాగదు, కానీ ముల్లు ఆగుతుంది. తడిస్తే నీడలోనే ఆరబెట్టాలి. ఎండలో పెడితే అప్పడంలా బిగుసుకుపోతాయి.

వేళ్ళకి ప్లాస్టిక్ గోళ్ళున్నవి ఆన్‌లైన్లో తెగ కనిపిస్తున్నాయి. కొబ్బరిపొట్టు కలిపిన కుండీ మట్టికి సరదాగా ఉంటాయి. గట్టిపడ్డ ఎర్రనేలలో గోరు అతికిన చోటే పూత చిరుగుతుంది. దండగ.

సైజు దగ్గరే ఎక్కువమంది దెబ్బతినేది. కొట్లలో ఎక్కువగా 9, 10 సైజులే పెడతారు. ఆడవాళ్ళలో చాలామందికి 7 గానీ 8 గానీ సరిపోతుంది. బొటనవేలు వదిలి, మిగతా నాలుగు వేళ్ళ మొదట్లో అరచేతి చుట్టూ టేపు పెట్టండి. ఎన్ని అంగుళాలొస్తే సుమారుగా అదే సైజు; ఏడున్నర వస్తే 8. వేలి కొసన ఖాళీ మిగిలితే అక్కడే మడతపడి ముందు చిరుగుతుంది. పిడికిలి బిగించినప్పుడు వేళ్ళ మధ్య లాగితే చిన్నదైనట్టు. వేసుకుని బల్ల మీద రూపాయి బిళ్ల తీసి చూడండి. అది రాకపోతే నారు మొక్కా పట్టుకోలేరు.

నైట్రైల్ పూతవి సబ్బు నీళ్ళలో ఉతకొచ్చు, మెలిపెట్టి పిండితే మాత్రం పూత పగులుతుంది. షెడ్డులో పడేసి ఉంచినవైతే వేసుకునే ముందు తలకిందులు చేసి దులపండి, లోపల తేలుండొచ్చు.