పాత గార్డెన్ ట్రాక్టర్‌కి ముందు బిగించే మోవర్, రెండు సీజన్లు వాడాక

ముందే చెప్పేస్తున్నా, ఇది అందరికీ పనికొచ్చే సామాను కాదండి. అలాగని నా దగ్గరున్నది ఎవరైనా అడిగితే ఇవ్వను కూడా.

నాది కోలర్ కె301 ఇంజన్ ఉన్న పాత బండి, ఒకే సిలిండర్, 12 హార్స్ పవర్, పోత ఇనుము బ్లాకు. ఇలాంటి వాటికి మామూలుగా మోవర్ డెక్, అంటే గడ్డి కోసే బ్లేడ్లుండే రేకు పెట్టె, బండి పొట్ట కింద వేలాడుతుంది, ముందు బిగించేది కంటపడటమే అరుదు. నాకు దొరికినప్పుడు తుప్పు ఎంతుందంటే పైన పెయింట్ ఏ రంగో గోకి చూసుకోవాల్సొచ్చింది.

ఎందుకింత మోజు అంటే, కోసేది కళ్ల ముందే కనిపిస్తుంది. పొట్ట కింద డెక్ అయితే ముందు చక్రాలు గడ్డిని తొక్కేశాక బ్లేడ్ వస్తుంది, తొక్కింది లేవదు, రెండు చారలు మిగిలిపోతాయి, మర్నాడు పొద్దున్నకి అవి లేచి నిలబడి మనల్ని వెక్కిరిస్తుంటాయి. ఇందులో ఆ గొడవే లేదు. కొమ్మలు కిందికి వాలిన చెట్ల దగ్గర అయితే చెప్పక్కర్లేదు, నా మొహానికి కొమ్మ తగిలేలోపే డెక్ చెట్టు మొదలు దాకా వెళ్లి వచ్చేస్తుంది.

అసలు ఏడుపంతా బెల్ట్ దగ్గర. ఇంజన్ పుల్లీ నిలువుగా తిరుగుతుంది, డెక్ మీద పుల్లీలు పడుకుని తిరుగుతాయి, మధ్యలో బెల్ట్ మెలి తిరిగి దిగాలి. ఆ మెలి తిప్పడానికి రెండు చిన్న పుల్లీలతో ఒక బ్రాకెట్ ఉంటుంది, దాన్ని మ్యూల్ డ్రైవ్ అంటారు. మొదటిసారి నేను బెల్ట్ రెండు వరసలూ అటుదిటు ఇటుదటు వేసేశా, ఇంజన్ బాగానే ఉంది, శబ్దం బాగానే ఉంది, గడ్డి మాత్రం తెగట్లేదు, తల దువ్వినట్టు పక్కకి పడుకుంటోంది. అరగంట బ్లేడ్లకి పదును లేదేమో అనుకుని వాటిని తిట్టుకున్నా, తీరా చూస్తే బ్లేడ్లు వెనక్కి తిరుగుతున్నాయి!

బెల్ట్ కూడా కారుకి వేసేది వేయకండి, క్లచ్ లాగా జారుతూ పట్టుకునే చోట అది నిలవదు, కెవ్లార్ అనే గట్టి దారం ఉన్న మోవర్ బెల్ట్ కావాలి. పుల్లీ అరిగిందని చేతికి దొరికిన చిన్నదో పెద్దదో వేసేయడం అసలు వద్దు, సైజు మారితే బ్లేడ్ వేగం మారిపోతుంది, లిమిట్ దాటి తిరిగే బ్లేడ్ విరిగితే ముక్క ఎటు ఎగురుతుందో చెప్పలేం.

బేరింగులు మాత్రం హాయి. కంపెనీ పార్ట్ నంబర్ ఎప్పుడో ఆపేశారు గానీ, పాతది ఊడదీసి తుడిస్తే దాని మీదే 6204 అని కొట్టి ఉంది, అంటే లోపల 20, బయట 47, మందం 14 మిల్లీమీటర్లు, బేరింగులు అమ్మే ఏ షాపులోనైనా దొరికే సైజు. రెండు పక్కలా రబ్బర్ సీల్ ఉన్నది తీసుకున్నా, ఇప్పటిదాకా కిక్కురుమనలేదు.

నడపడం వేరే కథ. డెక్ ఎత్తితే బరువంతా ముందు ఇరుసు మీద పడి స్టీరింగ్ రాయిలా అవుతుంది, వెనక తేలికైపోయి తడి గడ్డి మీద చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి, అందుకని వెనక చక్రాలకి ఇనుప బిళ్లలు బిగించా. స్టీరింగ్ జానెడు తిప్పితే డెక్ మూల బారెడు పక్కకి పోతుంది, అలా ఒక గులాబీ మొక్క బలైంది, ఇంట్లో ఇంకా వింటున్నా. వెనక్కి పోవాలంటే ముందు డెక్ ఎత్తుకోవాలి, లేకపోతే డెక్ కిందుండే చిన్న చక్రాలు గిర్రున తిరిగి డెక్ మొత్తం ఒక్క కుదుపు కుదుపుతుంది. ఎండాకాలం దుమ్ము తిన్నగా మొహం మీదకే. నా బండికి సీటు కింద స్విచ్ లేదు, మనిషి దిగినా బ్లేడ్లు ఆగవు, నేను విడిగా ఒకటి పెట్టించా, మీరూ పెట్టించండి.

ఎక్కడైనా అమ్మకానికి కనిపిస్తే డెక్ చూసి మురిసిపోకండి. డెక్ రేకు చిల్లు పడితే వెల్డింగ్ చేయించొచ్చు, బ్లేడ్ అయితే పొడవూ మధ్య కన్నమూ కొలిచి తెచ్చుకోవచ్చు. మ్యూల్ డ్రైవ్, ఎత్తే రాడ్డు, ఫ్రేముకి తగిలించే బ్రాకెట్, ఈ మూడూ లేకపోతే మీరు కొనేది మోవర్ కాదు, ఇనుప పళ్లెం. నాకు రాడ్డు రాలేదు, అది తయారు చేయించడానికే ఒక సీజన్ పోయింది.

ఇప్పుడు ఎడమ పక్క చిన్న చక్రం బుష్ మళ్లీ వదులైంది, ఆదివారం లోపు లేత్ మీద ఇంకోటి తిప్పించుకు రావాలి.