పచ్చళ్లు ఎగుమతి చేసేవాళ్లు స్పెక్ సాఫ్ట్‌వేర్ కొనేముందు ఇది చదవండి

పచ్చళ్లు, పొడులు చేసి లండన్‌కో డాలస్‌కో పంపే చిన్న యూనిట్ల వాళ్ల కోసం రాస్తున్నాను. ముడిసరుకు స్పెసిఫికేషన్లు (ఏ సరుకులో ఏమేం ఉన్నాయో చెప్పే కాగితాలు, వాడుకలో స్పెక్‌లు), సప్లయర్ల కాగితాలు, లేబుళ్లు అన్నీ ఒక్కచోట పెట్టిస్తామని ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంటారు కదా, అలాంటి ఒక సాఫ్ట్‌వేర్‌కు మేం ఏడాది డబ్బు ముందే కట్టాం. వాళ్లతో డబ్బు తగవు ఇంకా తేలలేదు కాబట్టి కంపెనీ పేరు రాయను. ఎవరి దగ్గర కొంటున్నా సరే, ఇవి మాత్రం డెమోలోనే చేసి చూపించమనండి.

అసలు దెబ్బ ఇంగువ దగ్గర తగిలింది. బజారులో దొరికే ఇంగువలో జిగురూ పిండీ కలుస్తాయని మనందరికీ తెలిసిందే. మా సప్లయర్ బియ్యప్పిండి మానేసి మైదా కలపడం మొదలుపెట్టాడు, పాపం నిజాయితీగా కొత్త స్పెక్ పోర్టల్లో ఎక్కించాడు కూడా. సాఫ్ట్‌వేర్ దాన్ని వెర్షన్ 2 అని పక్కన పెట్టుకుని ఊరుకుంది. మా రెసిపీలన్నీ పాత వెర్షన్‌తోనే నడుస్తున్నాయి, అలర్ట్ లేదు, మెయిల్ లేదు, తయారైన లేబుల్ మీద గోధుమ అన్న మాటే లేదు. సరుకు దించుకునేటప్పుడు క్వాలిటీ చూసే అమ్మాయి డబ్బా తిప్పి చదివింది కాబట్టి బతికిపోయాం. అమ్మిన సరుకు వెనక్కి తెప్పించే రీకాల్ ఖర్చు సంగతి అలా ఉంచండి, గోధుమ పడని మనిషి ఆ పచ్చడి తింటే? సపోర్ట్‌కు ఫోన్ చేస్తే "ప్రతి రెసిపీలో మీరే మార్చుకోవాలి సార్, డిజైనే అంత" అన్నారు. ఆ మాత్రానికి ఎక్సెల్ చాలు కదండీ!

ఇక అలర్జీ జాబితా. మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 లేబులింగ్ నిబంధనల్లో తప్పక చెప్పాల్సిన అలర్జీ పదార్థాల్లో ఆవాలు, నువ్వులు లేవు. యూకేలో 14 రకాలు, అందులో రెండూ ఉన్నాయి, పైగా పదార్థాల వరుసలో అవి బోల్డ్‌లోనో మరోలానో కొట్టొచ్చినట్టు కనపడాలి. అమెరికాలో నువ్వులు 2023 జనవరి 1 నుంచి వచ్చాయి, ఆవాలు లేవు. కెనడాలో ఆవాలూ ఉన్నాయి. అంటే నువ్వుల నూనెతో పెట్టిన ఒకే ఆవకాయకు దేశానికో లేబుల్ కావాలి. వీళ్ల సాఫ్ట్‌వేర్‌లో దేశం మారిస్తే మారేది తేదీ రాసే పద్ధతి ఒక్కటే, యూకే లేబుల్ మీద ఆవపిండి మామూలు అక్షరాల్లోనే అచ్చయింది. డెమోలో మాత్రం బిస్కెట్ ప్యాకెట్ చూపించారు లెండి, పాలు, గోధుమ చక్కగా బోల్డ్‌లో వచ్చాయి.

సప్లయర్ సర్టిఫికెట్ల గడువుదీ అదే కథ. కాగితం మీదున్న తేదీ చూడకుండా, అప్‌లోడ్ చేసిన రోజు నుంచి ఏడాది లెక్కేసుకుని పచ్చ టిక్ పెట్టేస్తోంది. గడువు దాటిపోయిన కాగితం కూడా పచ్చగానే కనిపిస్తుంది. పైగా సప్లయర్లే లాగిన్ అయి వివరాలు నింపుతారని చెప్పి అమ్మారు. గుంటూరు యార్డులో మిర్చి కొనిపెట్టే ఆయన, గానుగ నూనె ఇచ్చే ఆయన ఆ ఇంగ్లీషు ఫారాలు నింపుతారా? ల్యాబ్ రిపోర్ట్ ఫోటో తీసి వాట్సాప్‌లో పడేస్తారు, కూర్చుని టైప్ చేసేది మనమే.

మానేద్దామంటే ఇంకో తంటా. మన డేటా మనకివ్వడానికి ఒక్కో స్పెక్‌కు ఒక్కో పీడీఎఫ్ అట, ఎక్సెల్‌లో కావాలంటే వేరే ఛార్జీ. ల్యాబ్ రిపోర్టులైతే పేర్ల బదులు ఏవో నంబర్లతో వచ్చాయి, ఏది ఏ లాట్‌దో తెరిచి చూస్తే గానీ తెలియదు. వద్దని ముందుగా మెయిల్ పెట్టకపోతే రెన్యువల్ దానంతట అదే అయిపోతుందని అగ్రిమెంట్ చివరి పేజీలో ఉంది. ఆ పేజీ మొదట చదవండి.

డెమోకు వచ్చినవాళ్ల ముందు మీ ఇంగువ స్పెక్ పెట్టి, పిండి మార్పించి, ఎన్ని పచ్చళ్ల లేబుళ్లు వాటంతట అవే ఆగుతాయో చూడండి. అది చేసి చూపించాకే డబ్బు సంగతి మాట్లాడండి, అదీ నెలవారీగా. ఈ పరీక్ష పాసైన సాఫ్ట్‌వేర్ ఎవరైనా వాడుతుంటే చెప్పండి, మేం ప్రస్తుతం ఎక్సెల్‌తోనే లాగిస్తున్నాం.