‘ఒక్క రూపాయికే అన్ని ఓటీటీలు’ లింకు మీకూ వచ్చిందా? నొక్కేముందు ఇది చదవండి

ముందు అసలు సంగతి చెప్పేస్తాను, కథ తర్వాత. “ఒక్క రూపాయితో మొదలు, పదిహేను ఓటీటీలు, పాత దూరదర్శన్ సీరియల్స్ అన్నీ ఒకేచోట” అంటూ ఒక లింకు మన వయసువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. దాన్ని నేను నొక్కాను. రూపాయితో మొదలైనది 27,998 రూపాయల దాకా వెళ్లింది. అందులో ఎక్కువ భాగం పోయింది ఆ ప్యాక్ వల్ల కాదు, దాన్ని వదిలించుకుందామని చూడటం వల్ల. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అచ్చం అదే.

మాది రాజమండ్రి. రిటైరై ఆరేళ్లయింది. పొద్దున్నే కంబాలచెరువు పార్కులో నడిచేవాళ్లం పదకొండుమందిమి. నడక కంటే బెంచీ మీద కబుర్లే ఎక్కువ. కరోనా రోజుల్లో ఇళ్లల్లో కూర్చుని విసిగిపోయి ఒక గ్రూపు పెట్టుకున్నాం. ప్రతి ఆదివారం ఒకరు, చూడదగ్గది ఒకటి చెప్పాలి. నవ్వించేదైనా సరే, రెండు రోజులు బుర్రలో తిరిగేదైనా సరే. నియమం ఒక్కటే, తాను పూర్తిగా చూసింది మాత్రమే చెప్పాలి. అలా ఇరాన్ పిల్లల సినిమాలు, కొరియా వంటల డాక్యుమెంటరీలు, మన పాత నలుపూతెలుపూ చిత్రాలు, ఎన్ని చూశామో! కొడుకులూ కోడళ్లూ చూసే వాటికీ మేం చూసే వాటికీ పొంతన లేకపోయినా, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా టీవీ రిమోట్ మా చేతిలోనే ఉండేది.

ఆ గ్రూపులో రిటైర్డ్ ఇరిగేషన్ ఇంజినీరుగారు ఒకాయన ఉన్నారు. సంక్రాంతి వెళ్లాక ఆయన వంతు వచ్చింది. ‘భారత్ ఏక్ ఖోజ్’ చూడమన్నారు. 1988లో దూరదర్శన్‌లో వచ్చింది, 53 భాగాలు. నెహ్రూ ‘డిస్కవరీ ఆఫ్ ఇండియా’ ఆధారంగా శ్యామ్ బెనగల్ తీశారు. అన్నట్టు బెనగల్ మన సికింద్రాబాద్ తిరుమలగిరిలో పుట్టినవాడే. నెహ్రూగా రోషన్ సేఠ్, కథ చెప్పే గొంతు ఓం పురిది, పేర్లు పడేటప్పుడు ఋగ్వేదంలోని నాసదీయ సూక్తం. అప్పట్లో మా ఇంట్లో టీవీ లేదు. పక్కింటి వరండాలో నిలబడి నాలుగైదు భాగాలు చూసిన గుర్తు. ఇప్పుడు మొత్తం చూడొచ్చంటే ప్రాణం లేచొచ్చింది.

“ఎక్కడ దొరుకుతుందండీ?” అని గ్రూపులో అడిగాను. ఇంజినీరుగారు జవాబిచ్చేలోపే మా తహసీల్దారుగారు, ఆయనా రిటైరే, ఒక లింకు పెట్టారు. “మా బావమరిది పంపాడు మాస్టారూ, అన్నీ ఇందులోనే ఉన్నాయిట, రూపాయేనట.”

ఈ ‘ట’ దగ్గరే నేను ఆగాల్సింది. తహసీల్దారుగారు చెప్పిన సినిమాలు ఇప్పటిదాకా ఒక్కటీ తప్పలేదు. ఆయన అభిరుచి మీద నాకున్న నమ్మకాన్ని తీసుకెళ్లి, ఆయన చూడని, తెరవని, బావమరిది నుంచి వచ్చిన లింకు మీద పెట్టాను. తర్వాత ఆరా తీస్తే ఆ బావమరిదికి కూడా అది ఇంకెవరో పంపిందే. వరసలో నాకు ముందున్నవాళ్లలో ఒక్కరూ దాన్ని కొని చూడలేదు. సినిమా పేరు చెప్పేవాడు చూసి చెబుతాడు, లింకు పంపేవాడు చూడకుండా పంపుతాడు. ఈ తేడా నాకు తెలిసేసరికి పెన్షన్ ఖాతా తేలికైపోయింది.

లింకు నొక్కితే ‘1 రూపాయి చెల్లించండి’ అని పెద్ద అక్షరాలతో తెర వచ్చింది. యూపీఐ యాప్ తెరుచుకుంది. పిన్ కొట్టాను. ఆ తెర మీద కింద సన్నటి అక్షరాల్లో ఇంకో మూడు విషయాలు ఉన్నాయి. నెలకోసారి, గరిష్ఠంగా 1,499 రూపాయల దాకా, ఫలానా తేదీ వరకు. నేను చూడలేదు. కళ్లజోడు ఉంది, ఓపిక లేదు. నేను కట్టింది రూపాయి అనుకున్నాను. నిజానికి ఇచ్చింది ఆటోపే అనుమతి, అంటే ప్రతినెలా మళ్లీ నన్ను అడక్కుండానే తీసుకోవచ్చని నా పిన్‌తో నేనే పెట్టిన సంతకం. ఈ ఆటోపే 2020 నుంచి ఉంది. కరెంటు బిల్లుకీ బీమా ప్రీమియానికీ చక్కగా పనికొచ్చేదే. ఒక్కోసారి 15,000 రూపాయల దాకా మళ్లీ పిన్ అడగకుండానే వెళ్లిపోతుంది. కాబట్టి 1,499 దానికి లెక్కలోది కాదు.

ఇక ఆ ప్యాక్ ఎలా ఉందంటారా? పదిహేను ఓటీటీల్లో పన్నెండు నేను ఎన్నడూ వినని పేర్లు. పేరున్న మూడింట్లో ట్రైలర్లు తప్ప ఏమీ తెరుచుకోలేదు. నేను ఏ సీరియల్ కోసం కొన్నానో అది అందులో లేనే లేదు. రెండు రోజులు వెతికి, “రూపాయేగా పోయింది” అనుకుని యాప్ తీసేశాను. ఫోన్లోంచి యాప్ తీసేస్తే ఆటోపే ఆగదు. నేను ఆగుతుందనుకున్నాను. మీలో కూడా చాలామంది అలాగే అనుకుంటూ ఉంటారని నాకు గట్టి అనుమానం.

డబ్బు తీసుకోవడానికి ఒక రోజు ముందు మెసేజ్ పంపాలన్న నిబంధన ఉంది. పంపారు కూడా. లోన్ కావాలా, రమ్మీ ఆడతారా, మీ కేవైసీ గడువు అయిపోయింది అనే మెసేజ్‌ల గుట్టలో అది కలిసిపోయింది. మార్చిలో బ్యాంకుకెళ్లి పాస్‌బుక్ ప్రింటు వేయిస్తే తెలిసింది, 1,499 చొప్పున రెండుసార్లు వెళ్లింది. మా ఆవిడ పాస్‌బుక్ చూసి, “ఊరికే వస్తే ఫినాయిలైనా తాగే మగాళ్లు” అంది. తాగింది నేనొక్కణ్ణే, కానీ బహువచనం వాడింది.

ఇక్కడితో ఆగినా బాగుండేది. ఉక్రోషం కొద్దీ, ఆ కంపెనీ కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో వెతికాను. పైన కనబడిన నంబరుకు ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తారు. అసలు కంపెనీవాళ్లు మొదటి రింగుకు ఎత్తరన్న లోకజ్ఞానం కూడా ఆ రోజు పనిచేయలేదు. అవతలి కుర్రాడు చక్కటి తెలుగు మాట్లాడాడు. “అయ్యో సార్, చాలామంది పెద్దవాళ్లకు ఇలాగే అయింది సార్, రెండు నెలల డబ్బూ వెనక్కి ఇచ్చేస్తాం సార్” అన్నాడు. అంత మర్యాద ఈ మధ్య మా మనవడి దగ్గర కూడా దొరకలేదు.

“మీ రిఫండ్ కోడ్ 24999 సార్. యూపీఐ తెరిచి మా నంబరు కొట్టండి. కింద గడిలో కోడ్ వేయండి. తర్వాత పిన్ కొడితే డబ్బు మీ ఖాతాలో పడుతుంది.”

ఆ ‘కింద గడి’ ఎంత పంపాలో రాసే గడి. ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి. 24999 అని నా వేలితో నేనే వేసి, నా పిన్ నేనే కొట్టాను. టింగుమని చప్పుడు వచ్చింది. అతను ఫోన్ పెట్టేశాడు.

దయచేసి ఇది పది సార్లు చదవండి. మనకు డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ కొట్టమన్నారంటే డబ్బు మన ఖాతాలోంచి వెళ్తోందని అర్థం. రిఫండ్ కోడ్, వెరిఫికేషన్ కోడ్, క్యాష్‌బ్యాక్ కోడ్ అని ఏ పేరు పెట్టినా సరే.

తర్వాత నేను చేసిన తప్పు ఇంకా పెద్దది. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. రాత్రంతా ఫ్యాను చూస్తూ పడుకున్నాను. మర్నాడు ఉదయం పార్కులో నా మొహం చూసి ఇంజినీరుగారే నిలదీశారు. “ఏవండీ మాస్టారూ, ఒంట్లో బాలేదా?” చెప్పాను. ఆయన తిట్టలేదు, నవ్వలేదు. అక్కడే బెంచీ మీద కూర్చుని 1930కి ఫోన్ కలిపారు. అది సైబర్ నేరాల హెల్ప్‌లైన్, దేశమంతటికీ ఒకటే. ఎంత పోయింది, ఎన్ని గంటలకు, ఏ బ్యాంకు, లావాదేవీ నంబరు ఏమిటి అని అడిగారు. ఆ పన్నెండంకెల నంబరు యూపీఐ యాప్‌లో చెల్లింపుల చిట్టాలో ఉంటుంది, వెతికి పెట్టుకోండి. ఫిర్యాదు నంబరు ఇచ్చారు. తర్వాత కేంద్ర ప్రభుత్వ సైబర్ క్రైమ్ వెబ్‌సైట్లో కూడా వివరాలు నింపాం.

నా డబ్బులో 6,200 రూపాయలు ఎవరిదో ఖాతాలో ఉండగా ఆపగలిగారు. అదీ ఇంకా చేతికి రాలేదు. మిగతాది అప్పటికే ఖాతాలు మారి వెళ్లిపోయింది. దొంగ డబ్బు నిమిషాల్లో మూడు నాలుగు ఖాతాలు దాటుతుంది, అందుకే మొదటి గంట అంత విలువైనది. నేను దాదాపు పద్దెనిమిది గంటలు నా పరువు కాపాడుకుంటూ కూర్చున్నాను. బ్యాంకులో అడిగితే “పిన్ మీరే కొట్టారు కదండీ” అన్నారు. ఆ మాటకు జవాబు లేదు.

ప్యాక్ వాళ్ల సంగతి వేరే దారిలో పట్టాను. 1915, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. దొంగలు వేరు, మెలికలు పెట్టి అమ్మేవాళ్లు వేరు. మొదటివాళ్లకు 1930, రెండోవాళ్లకు 1915. రూపాయి పెద్దగా చూపించి నెలవారీ కోత సన్నగా రాయడం లాంటి ఎత్తులకు ‘డార్క్ ప్యాటర్న్స్’ అని పేరు. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ వీటిమీద మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో చెప్పిన పదమూడు రకాల్లో ‘సబ్‌స్క్రిప్షన్ ట్రాప్’ ఒకటి. ఫిర్యాదులో ఆ మాట రాశాను. మూడు వారాలకు రెండో నెల డబ్బు వెనక్కి వచ్చింది. మొదటి నెలది “నిబంధనల ప్రకారం” ఇవ్వలేమన్నారు. సరే, ఓ 1,499 గెలిచాను.

మా అబ్బాయి పుణెలో ఉంటాడు. విని, “నాన్నా, నొక్కేముందు నాకో మాట చెప్పొచ్చుగా” అన్నాడు. చెప్పొచ్చు. కానీ రూపాయి పని కోసం కొడుకుని ఆఫీసులో ఉండగా పిలవడం ఎవరికి ఇష్టం? ఆ మోజుకీ ఈ మొహమాటానికీ మధ్య సందులోనే వాళ్ల వ్యాపారమంతా.

అసలు బాధ ఇంకోటి ఉంది. ఆ సీరియల్ ప్రసార భారతి ఆర్కైవ్స్ వాళ్ల యూట్యూబ్ ఛానల్లో ఉంది. ఉచితంగా. ఇంజినీరుగారు మొదటినుంచీ అక్కడే చూస్తున్నారట. నేను అడిగిన ప్రశ్నకు ఆయన జవాబు టైపు చేస్తూ ఉన్నారు, ఒక్క వేలితో, తెలుగులో, తప్పులు దిద్దుకుంటూ. అది వచ్చేసరికి నేను పిన్ కొట్టేశాను. పాత దూరదర్శన్ సరుకు కావాలంటే ముందు అక్కడ వెతకండి. ప్రసార భారతి 2024 నవంబరులో ‘వేవ్స్’ అని సొంత ఓటీటీ కూడా తెచ్చింది. అది కూడా ఎవరో పంపిన లింకు మీద నుంచి కాదు, ప్లే స్టోర్లో పేరు కొట్టి వెతుక్కుని దించుకోండి. ‘సినిమా యాప్’ అంటూ వాట్సాప్‌లోనే ఫైలుగా వచ్చేవాటిని, పేరు చివర ఏపీకే అని ఉండేవాటిని, అస్సలు ముట్టుకోవద్దు. మా గ్రూపులో ఒకావిడ అలాంటిది తెరిచారు. గంటలో ఆవిడ పేరుమీద అదే ఫైలు మా అందరికీ వచ్చింది.

ఇప్పుడు మా గ్రూపులో లింకులు బంద్. పేరు, వచ్చిన ఏడాది, ఎక్కడ ఉందో, ఈ మూడే రాయాలి. వెతుక్కోవడం ఎవరి పని వాళ్లది. తహసీల్దారుగారు వారం రోజులు పార్కుకు రాలేదు. నేనే వాళ్లింటికి వెళ్లి కాఫీ తాగి తీసుకొచ్చాను. ఆయన తప్పేముంది?

మొన్న ఆదివారం నడక అయ్యాక, అందరి ఫోన్లూ బయటికి తీయించాను. యూపీఐ యాప్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కితే ‘ఆటోపే’ అని ఉంటుంది. అందులో మనం ఎవరెవరికి అనుమతి ఇచ్చామో అన్నీ కనబడతాయి, అక్కడే రద్దు చేయొచ్చు. ఒక్కటి కూడా లేదని తొమ్మిదిమందీ అన్నారు. చూస్తే ఐదుగురికి ఉన్నాయి. ఒకరికి జాతకాల యాప్. మోకాళ్లు నొప్పని మూడో రౌండు ఎప్పుడూ ఎగ్గొట్టే ఒకాయనకు వ్యాయామాల యాప్. ఒకావిడకు, మనవరాలు సెలవులకొచ్చినప్పుడు నొక్కిన ఇంగ్లీషు పాఠాలది.

ఇంజినీరుగారు మాత్రం ఫోన్ తీయలేదు. “నేను యూట్యూబ్ తప్ప ఏమీ చూడనండి, నాకెందుకుంటుంది?” అన్నారు. బలవంతం చేస్తే తీశారు. ఆటోపే నొక్కారు. కళ్లజోడు పైకెత్తి, దించి, మళ్లీ చూశారు. ఆ రూపాయి ప్యాకే. నాకు జరిగింది విన్నాక, ఎలా ఉంటుందో చూద్దామని తెరిచి చూశారట, అంతే గుర్తుందట. తర్వాతి కోత పన్నెండో తారీకు.

ఎవరం ఏమీ అనలేదు. ఆయన పిన్ కొట్టి, రద్దు చేసి, స్క్రీన్‌షాట్ తీసుకుని ఫోన్ జేబులో పెట్టుకున్నారు. “ఆయ్, పదండి, ఇంకో రౌండు వేద్దాం” అన్నారు.