ఇండోర్ కోర్టా, ఖాళీ మైదానమా? కాలనీ స్థలంలో ఏది మేలు?

మా కాలనీ లేఅవుట్‌లో ఆటస్థలమని చూపించిన 450 గజాలు ముళ్లకంప పట్టి ఉంది. ఇండోర్ షటిల్ కోర్టు కట్టాలని సగం మంది, చదును చేసి వదిలేస్తే చాలని మిగతా సగం.

షటిల్ కోర్టు గీతల వరకు 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. చుట్టూ కదిలే జాగా కలిపితే దాదాపు 200 గజాలు. అంటే రెండు కోర్టులు పడతాయి, డబుల్స్ ఆడినా ఒకేసారి ఎనిమిది మందే. అదే చోట వాలీబాల్ నెట్టు కడితే పన్నెండు మంది ఆడతారు, పొద్దున అదే నేల మీద కబడ్డీ. ఖర్చు స్తంభాలు, నెట్టు, నాలుగు లైట్లు. ఇండోర్‌కైతే కప్పు 30 అడుగులైనా లేకపోతే ఎత్తి కొట్టిన కాక్ రేకుకు తగులుతుంది. నేల వట్టి సిమెంటైతే మోకాళ్లు పోతాయి.

లెక్కలో మైదానమే గెలిచింది. కానీ కాక్ బరువు అయిదు గ్రాములు. చలికాలం మేం వీధిలో సున్నంతో గీతలు గీసి, నెట్టు ఒక కొస కరెంటు స్తంభానికి, ఇంకో కొస వేపచెట్టుకు కట్టి ఆడతాం. కాస్త గాలి వీస్తే కాక్ పక్కింటి డాబా మీదే. గోడల్లేని రేకుల షెడ్డు వేద్దామన్నవాళ్లకూ ఇదే జవాబు. ఎండ ఆగుతుంది, గాలి ఆగదు.

నన్ను ఇటు తిప్పింది మాత్రం ఆడపిల్లలు. మైదానంలో వాళ్లు కనిపించేది ఆరేడో తరగతి వరకే. తర్వాత గోడవార బండ్ల మీద కూర్చునే కుర్రాళ్ల చూపులకే మానేస్తారు. మా అమ్మాయీ అలాగే మానేసింది. ఇప్పుడు డబ్బు కట్టి ప్రైవేటు కోర్టుకు వెళ్తోంది, అక్కడ సగం మంది అమ్మాయిలే. 2012లో సైనా, 2016లోనూ 2021లోనూ సింధు ఒలింపిక్ పతకాలు తెచ్చిన హైదరాబాద్ ఇది. పిల్లకు రాకెట్ కొనివ్వడానికి మా వీధిలో ఎవరూ వెనకాడరు. ఎక్కడ ఆడిస్తామన్నదే బెంగ.

అందుకే నా ఓటు ఇండోర్‌కే, తాళాలు కాంట్రాక్టరు చేతికి వెళ్లకపోతేనే. గంటల లెక్కన అద్దెకిస్తే సాయంత్రాలన్నీ ఆఫీసులవాళ్లు బుక్ చేసుకుంటారు, పిల్లలకు మిగిలేది మిట్టమధ్యాహ్నం. నాలుగు నుంచి ఏడు దాకా కాలనీ పిల్లలకు ఉచితమని పునాది తీయకముందే తీర్మానం రాయాలి. అసోసియేషన్ దానికి ఒప్పుకోదా, రెండు స్తంభాలు పాతి వాలీబాల్ నెట్టు కట్టేద్దాం.